కంప్యూటర్ లేని రోజుల్లో ఈ పేజీలను ఎలా అచ్చువేశారు?

వానచినుకు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో డిజైన్ చదువుతున్నాను. నిన్న తరగతిలో ఒక పాత పుస్తకంలోని పేజీలు తెర మీద చూపించారు. ఇటలీ కవి మారినెట్టి 1914లో మిలాన్‌లో ప్రచురించిన "జాంగ్ టుంబ్ టుమ్". చిన్న అక్షరాల పక్కన పెద్ద అక్షరాలు, నిలువుగా నిలబడ్డ మాటలు, ఏటవాలుగా జారిపోతున్న మాటలు. ఒక పేజీలోనైతే మాటలన్నీ గుండ్రంగా చేరి, తాడుతో కట్టిన బెలూను ఆకారంలోకి వచ్చాయి.

నా పక్కన కూర్చున్న అమ్మాయి "మనకు ఇది పది నిమిషాల పని" అంది. నిజమే. కానీ 1914లో అక్షరం అంటే సీసపు ముక్క కదా? దాన్ని ఏటవాలుగా ఎలా నిలబెట్టారు? గుండ్రంగా ఎలా తిప్పారు? అంత కష్టపడి ఇలా వేయవలసిన అవసరం ఏమిటి? తెలిసినవారు చెప్పండి.

నల్లసిరా | శనివారం, రాత్రి 10:25

అవసరం ఏమిటన్న దానికి నాకు తెలిసినంతవరకు చెబుతాను. అచ్చు పని తెలిసిన పెద్దలు ఈ వేదికలో ఉన్నారు, ఎలా అన్నది వారే చెప్పాలి.

1912 అక్టోబరులో బాల్కన్ యుద్ధం మొదలైంది. బల్గేరియా సైన్యం ఆడ్రియానోపుల్ నగరాన్ని ముట్టడించింది, ఈనాటి టర్కీలోని ఎడిర్నే అదే. మారినెట్టి అక్కడికి విలేఖరిగా వెళ్లాడు. ఫిరంగుల మోత విన్నాడు, దాన్నే కాగితం మీద పెట్టాలనుకున్నాడు. పుస్తకం పేరు కూడా ఫిరంగి మోతే, దానికి అర్థం లేదు. మీరు చూసిన బెలూను టర్కీ సైన్యం తాడుకు కట్టి పైకి వదిలిన నిఘా బెలూను.

పుస్తకం రావడానికి ముందు ఏడాది, 1913లో, ఆయన ఒక ప్రకటన రాశాడు. వాక్యనిర్మాణాన్ని పగలగొట్టాలి, విశేషణాలూ విరామచిహ్నాలూ పోవాలి, మాటలు స్వేచ్ఛగా తిరగాలి అన్నాడు. అచ్చు గురించి అందులో సూటిగా చెప్పాడు. ఒకే పేజీలో మూడు నాలుగు రంగుల సిరా వాడతాం, అవసరమైతే ఇరవై రకాల అక్షరాలు వాడతాం, వేగంగా కలిగే అనుభూతులకు వాలు అక్షరం, పెద్ద చప్పుళ్లకు లావు అక్షరం అని. పేజీ అంతా ఒకే తీరున అందంగా, పొందికగా ఉండాలన్న పాత నియమం మీదే ఆయన కోపం.

అయితే పేజీలోని తెల్ల ఖాళీని మొదట మాట్లాడించినవాడు మారినెట్టి కాదు. ఫ్రెంచి కవి మలార్మే 1897లోనే పాచికల గురించి రాసిన పద్యంలో మాటల్ని రెండు పేజీల మీద మెట్లు మెట్లుగా జారవిడిచాడు. ఆయనది మౌనం, మారినెట్టిది గోల. నాకు వ్యక్తిగతంగా మలార్మే ఎక్కువ ఇష్టం.

పాత కంపోజిటర్ | ఆదివారం, ఉదయం 6:15

అమ్మాయీ, నేను తెనాలిలో ముప్పై ఏళ్లకు పైగా కంపోజింగ్, అంటే అచ్చు అక్షరాలు పేర్చే పని చేశాను. మీరు చెప్పిన పేజీని మా అబ్బాయి ఫోనులో చూపించాడు. చాలాసేపు చూశాను. దాన్ని కట్టినవాడి చేతులు ఎవరివో కానీ దండం పెట్టాలి.

ముందు మామూలు పని చెబుతాను. ఎడమ చేతిలో స్టిక్ అనే చిన్న లోహపు పట్టీ ఉంటుంది, కుడి చేత్తో కేసు, అంటే అక్షరాల పెట్టె గళ్లలోంచి అక్షరాలు ఏరి అందులో నిలబెడతాం. వరుస నిండగానే లెడ్డు అనే సీసపు పట్టీ వేసి తర్వాతి వరుస. స్టిక్ నిండితే గ్యాలీ అనే పొడవాటి పళ్లెంలోకి. పేజీ అయ్యాక దాన్ని రాతిబల్ల మీద ఇనుప చట్రంలో పెట్టి, చుట్టూ కొయ్యముక్కలు బిగించి, తాళం వేసినట్టు బిగగడతాం. ఆ చట్రాన్ని ఎత్తినప్పుడు ఒక్క అక్షరం కూడా జారకూడదు. జారకుండా ఉండాలంటే ప్రతి వరుసా నాలుగు వైపులా సమంగా నొక్కుకొని ఉండాలి. సీసం పలకడానికి ఉన్న నియమం అదొక్కటే, అన్నీ నిలువు, అన్నీ అడ్డం, మధ్యలో గాలి చొరబడే సందు ఉండకూడదు. మీరు పేజీలో చూసే తెల్ల ఖాళీ మాకు ఖాళీ కాదు. అక్కడ కూడా సీసమో కొయ్యో ఉంటుంది, ఎత్తు తక్కువ కాబట్టి సిరా అంటదు, అంతే.

అక్షరాల సైజును పాయింట్లలో కొలుస్తాం. ఇప్పుడు 12 పాయింట్ల అక్షరం పక్కన 36 పాయింట్ల అక్షరం పెట్టాలనుకోండి. చిన్నదాని పైనా కిందా కలిపి 24 పాయింట్ల లెడ్డులు వేసి పెద్దదానికి సరితూగేలా చేయాలి. ఒక వరుసలో అయిదు సైజులు వస్తే అయిదు లెక్కలు. ఒక్క పాయింటు తప్పినా బిగింపులో వదులు వస్తుంది.

ఏటవాలు వరుస అయితే, ఆ వరుసను విడిగా కట్టి దారంతో చుడతాం. చట్రంలో వాలుగా పెట్టి, రెండు పక్కలా ఏర్పడే మూలల్లోకి కొయ్యను ముక్కోణంగా కోసి దిగగొడతాం. మిగిలిన సందుల్లో తడిపిన కాగితం కూరేవాళ్లం, కొన్నిచోట్ల ప్లాస్టర్ పోసేవారు. గుండ్రానికి రెండు ఇత్తడి రూళ్లను, అంటే గీతలు అచ్చువేసే పట్టీలను, వంచి వాటి మధ్య అక్షరాలు నిలబెట్టాలి. నా చేతి మీదుగా ఒక సినిమా కరపత్రం వెళ్లింది, అందులో ఒక వరుస వాలుగా కావాలన్నారు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అయింది. ట్రెడిల్ అనే కాలితో తొక్కే అచ్చుయంత్రం మీద నలభయ్యో కాగితం దగ్గర ఆ వరుస విడిపోయి అక్షరాలన్నీ కింద రాలాయి. మళ్లీ మొదటి నుంచి కట్టాను.

ఇంకొక దారి ఉంది. గీసిందాన్ని ఫోటో తీయించి జింకు బ్లాకు చేయిస్తే ఎంత వంకరైనా వస్తుంది. కాబట్టి ఇలాంటి పేజీ చూసినప్పుడు ముందు అడగవలసింది, ఇది సీసమా, బ్లాకా అని. బ్లాకు అయితే కష్టమంతా గీసినవాడిది. సీసం అయితే కష్టం మాది.

నల్లసిరా | ఆదివారం, ఉదయం 8:02

మాస్టారూ, మీరు చివర అన్న మాట వల్ల నాకు ఒక పాత సందేహం తీరింది. మారినెట్టి 1919లో వేసిన పుస్తకంలో మడతలు విప్పి చూసే పెద్ద పేజీలు ఉన్నాయి. ఫ్రెంచి సేనాని జనరల్ జోఫ్ర్ కారులో యుద్ధభూమిని చూడడానికి వెళ్లడం ఒక దానిలో ఉంటుంది, పెద్ద ఎమ్ అక్షరాలు కొండల్లా, కారు తిరిగిన దారి మెలికల్లా. అవి చేతిరాతా, అతికించిన ముక్కలూ కలిపి చేసిన బ్లాకులు. 1914 పుస్తకంలో ఉన్న బిగువు వాటిలో ఎందుకు లేదా అని ఎప్పుడూ అనుకునేవాణ్ణి. అక్కడ సీసం అడ్డు తగలలేదు, అందుకే లేదు.

గోదారిగట్టు | ఆదివారం, ఉదయం 11:30

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి ఒక మాట చెప్పక తప్పదు. ఈ మారినెట్టి 1909లో పారిస్ పత్రికలో అచ్చువేయించిన ప్రకటనలో యుద్ధాన్ని ప్రపంచాన్ని శుభ్రపరిచే సాధనంగా పొగిడాడు. తర్వాత ముస్సోలినీ పక్కన నిలబడ్డాడు. ఆడ్రియానోపుల్‌లో జనం ఆకలితో, జబ్బులతో చచ్చిపోతుంటే ఈయనకు ఫిరంగి మోత సంగీతంలా వినిపించింది. ఆ పేజీని చూసి "ఎంత బాగుంది" అనడానికి నాకు నోరు రావడం లేదు.

రెండో సంగతి. కవిత్వం చెవితో వినేది. పద్యాన్ని ఇలా ముక్కలు చేసి చల్లితే ఎవరు ఎలా చదవాలి?

నల్లసిరా | ఆదివారం, మధ్యాహ్నం 12:10

మొదటి మాట నేనూ ఒప్పుకుంటాను. ఆ పేజీలను మెచ్చుకునేటప్పుడు అందులో ఏ మోత ఉందో మరిచిపోకూడదు.

అయితే యుద్ధాన్ని అసహ్యించుకున్నవాళ్లు కూడా ఇదే పని చేశారు. 1916 ఫిబ్రవరి 5న జూరిచ్‌లో జర్మన్ కవి హ్యూగో బాల్, ఎమ్మీ హెన్నింగ్స్ కలిసి కాబరే వోల్టేర్ అనే చిన్న వేదిక తెరిచారు. స్విట్జర్లాండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో లేదు కాబట్టి యుద్ధం నుంచి తప్పించుకున్నవారు అక్కడ చేరారు. వాళ్ల ఉద్యమానికే డాడా అని పేరు వచ్చింది. పత్రికలూ ప్రభుత్వాలూ అబద్ధాలు చెప్పి చెప్పి మాటల్ని పాడుచేశాయని బాల్ బాధ. అందుకని ఏ భాషలోనూ లేని మాటలతో పద్యాలు చదివాడు. అలాంటి పద్యం ఒకటి 1920లో బెర్లిన్‌లో అచ్చయినప్పుడు ప్రతి పాదాన్నీ వేరే రకం అక్షరాలతో కంపోజ్ చేశారు. చూస్తే ఒక్కొక్క పాదాన్నీ ఒక్కొక్క మనిషి పలుకుతున్నట్టు ఉంటుంది.

బెర్లిన్‌లోనే డాడా కళాకారుడు రౌల్ హౌస్‌మన్ 1918లో ఇంకా ముందుకు వెళ్లాడు. పోస్టర్లకు వాడే పెద్ద కొయ్య అక్షరాల్ని చేతికి ఏది దొరికితే అది వరుసలో పెట్టమని అచ్చువాడికే వదిలేశాడు. అలా వచ్చిన అక్షరాల వరుసే పద్యం. ఇది నాకు కవిత్వంగా పెద్దగా నచ్చదు. కానీ కవి తప్పుకొని కంపోజిటర్ చేతికి పద్యాన్ని అప్పగించడం మాత్రం నచ్చింది.

రెండోప్రూఫు | ఆదివారం, సాయంత్రం 5:45

నేను బెర్లిన్‌లో ఉంటాను, రష్యన్ కొద్దిగా చదవగలను. గోదారిగట్టు గారి రెండో ప్రశ్నకు జవాబు నేను చెబుతాను, ఎందుకంటే దానికి జవాబుగా ఒక పుస్తకమే ఉంది. అక్కడికి వెళ్లే ముందు రష్యా గురించి నాలుగు మాటలు.

సీసం అడ్డు తగులుతుందని రష్యన్ కవులు అసలు సీసాన్నే వదిలేశారు. క్రుచోనిఖ్, ఖ్లెబ్నికోవ్ 1912 నుంచి చేతితో రాసి, బొమ్మలతో కలిపి, రాతి అచ్చులో చిన్న చిన్న పుస్తకాలు వేశారు. అచ్చు అక్షరాల్ని చూస్తే వాళ్లకు బాధ, వరుసలో నిలబెట్టి, జుట్టు కత్తిరించి, అన్నిటినీ ఒకే బూడిద రంగులో ఉంచినట్టు ఉన్నాయని రాశారు. రాసే మనిషి మనసు మారితే చేతిరాత మారుతుంది, ఆ మార్పు పాఠకుడికి అందాలి అన్నది వాళ్ల వాదన. కామెన్‌స్కీ 1914లో "ఆవులతో టాంగో" అనే పుస్తకాన్ని గోడలకు అంటించే రంగు కాగితం మీద అచ్చువేశాడు. ఒక మూల కోసేయడంతో పుస్తకానికి అయిదు మూలలు వచ్చాయి. లోపల పేజీని గీతలతో గదులుగా విడగొట్టి ఒక్కో గదిలో మాటలు పెట్టాడు. వాటిని ఇనుప కాంక్రీటు పద్యాలు అన్నాడు.

ఇక నేను చెప్పదలచుకున్న పుస్తకం. రష్యన్ కవి మయకోవ్‌స్కీ పద్యాలు 13 ఏరి, 1923లో బెర్లిన్‌లో అచ్చువేసిన పుస్తకం. పేరు "గొంతు కోసం", అంటే పైకి చదవడానికి. దాన్ని రూపొందించినవాడు రష్యన్ చిత్రకారుడు ఎల్ లిసిట్స్కీ. గోదారిగట్టు గారూ, మీరు అడిగిన చెవీ, కన్నూ రెండూ ఇక్కడ కలిశాయి. సభలో నిలబడి చదివేవాడికి కావలసిన పద్యం వెంటనే దొరకాలి కదా? అందుకని కుడి అంచును మెట్లు మెట్లుగా కోశారు, టెలిఫోను నంబర్ల పుస్తకంలో ఉన్నట్టు. ఒక్కో మెట్టు మీద ఒక పద్యం పేరు, ఒక గుర్తు. బొటనవేలు పెట్టి లాగితే ఆ పద్యం తెరుచుకుంటుంది.

లోపల ప్రతి పద్యానికీ నలుపు, ఎరుపు రంగుల్లో ఒక బొమ్మ. అయితే ఒక్కటి కూడా గీసింది కాదు. అన్నీ కంపోజిటర్ కేసులో దొరికేవే, అక్షరాలు, రూళ్లు, చుక్కలు, అడ్డకడ్డీలు. లిసిట్స్కీ ఆ నియమాన్ని తనకు తానే పెట్టుకున్నాడు. రష్యన్ మిత్రులు సీసం నుంచి పారిపోయారు, ఈయన సీసంతోనే కూర్చొని, దాని దగ్గర ఏముందో అడిగి తీసుకున్నాడు.

అంకితం పేజీ చూడండి. మయకోవ్‌స్కీ ప్రేమించిన లీల్యా యూర్యెవ్నా బ్రిక్ పేరులోని మొదటి మూడు అక్షరాల్ని ఒక వృత్తం చుట్టూ పెట్టాడు. మధ్యలో కన్ను లాంటి ఆకారం. ఆ మూడక్షరాల్ని ఆపకుండా చుట్టూ చదువుతూ పోతే రష్యన్‌లో "ప్రేమిస్తున్నాను" అనే మాట వస్తూనే ఉంటుంది, ఎక్కడా ముగియదు. నేను ఆ పుస్తకం పునర్ముద్రణను మొదటిసారి చేతిలో పట్టుకున్న రోజు ఆ వృత్తం చుట్టూ వేలు తిప్పుతూ పైకి చదివాను. పద్యానికి తన పేజీలు వయొలిన్‌కు పియానో తోడు లాంటివని లిసిట్స్కీ అన్నాడు. అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

మాస్టారికి నచ్చే సంగతి ఒకటి. ఈ పుస్తకాన్ని కట్టిన కంపోజిటర్ జర్మన్. అతనికి రష్యన్ ఒక్క ముక్క రాదు. లిసిట్స్కీ ప్రతి పేజీకీ ఒక నమూనా గీసి ఇస్తే, దాన్ని చూసి అలాగే పేర్చాడు.

పాత కంపోజిటర్ | ఆదివారం, రాత్రి 8:30

భాష రానివాడు కట్టాడంటే నాకు ఆశ్చర్యం లేదమ్మా. నేను సంస్కృతం చదువుకోలేదు కానీ సంస్కృత శ్లోకాలు ఎన్ని కట్టానో లెక్క లేదు. భాష తెలిస్తే చెయ్యి మాట వెంట పరుగెత్తుతుంది, తప్పు చేస్తుంది. తెలియకపోతే ఒక్కొక్క అక్షరాన్నీ దాని ముఖం చూసి పెడతాం. అలాంటి ప్రూఫుల్లోనే తప్పులు తక్కువ వచ్చేవి. అతను కూడా ఆ అక్షరాల్ని బొమ్మలుగా చూసి ఉంటాడు. ఆ పుస్తకానికి కావలసింది కూడా ఆ చూపే కదా.

ఇంకో మాట. రూళ్లతో బొమ్మ కట్టడం మా దగ్గరా ఉండేది. పెళ్లిపత్రికల మీద కలశం, దీపం, గుడి గోపురం, బ్లాకు కొనే డబ్బు లేనప్పుడు పూలబార్డరు ముక్కలతోనే కట్టేవాళ్లం. దాన్ని కళ అని ఎవరూ అనలేదు, మేమూ అనుకోలేదు.

నల్లసిరా | ఆదివారం, రాత్రి 9:05

మాస్టారూ, మీరు చెప్పిన పూలబార్డరు కలశానికి అన్న లాంటి పుస్తకం ఒకటి ఉంది. దాన్ని వేసిన కళాకారుడు కుర్ట్ ష్విట్టర్స్ జర్మనీలోని హానోవర్‌వాడు. ఒకసారి కాగితం ముక్కలు అతికిస్తుంటే ఒక ప్రకటనలోని "కొమెర్జ్" అన్న మాటలోంచి "మెర్జ్" ముక్క మిగిలింది. ఆ ముక్కనే తన కళ అంతటికీ పేరుగా పెట్టుకున్నాడు. 1925లో కేటె స్టైనిట్స్, వాన్ డూస్‌బర్గ్‌లతో కలిసి పిల్లల కోసం "దిష్టిబొమ్మ" అనే కథ వేశాడు. అందులో పాత్రలన్నీ అచ్చు అక్షరాలే. దిష్టిబొమ్మ ఎక్స్ అక్షరం, దానికి టోపీ, కోటు, చేతికర్ర. రైతు బి అక్షరం. ఎక్స్ నిలబడ్డ తీరు చూస్తే నిజంగానే పొలంలో రెండు కర్రలు అడ్డంగా కట్టినట్టు ఉంటుంది. కోడిపుంజుకు మాత్రం దాన్ని చూస్తే భయం లేదు. మా చెల్లెలి కూతురికి అయిదేళ్లు, ఇంగ్లీషు అక్షరాలు ఇప్పుడే నేర్చుకుంటోంది. ఆ పేజీ చూపిస్తే ఒక్క మాట చెప్పకుండానే "ఈయనకు కోపం వచ్చింది" అంది బిని చూసి.

వానచినుకు | ఆదివారం, రాత్రి 11:20

ఒక్క రోజులో ఇంత తెలుస్తుందని అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. మా పాఠంలో తర్వాత బౌహౌస్ అనే జర్మన్ కళాబడి వస్తుంది. అక్కడ పెద్దబడి అక్షరాలు, అంటే క్యాపిటల్స్, తీసేసి అన్నీ చిన్నబడిలోనే రాశారని చదివాను. అంత చిన్న మార్పును ఎందుకంత గొప్పగా చెబుతారు?

రెండోప్రూఫు | సోమవారం, ఉదయం 7:10

ఇంగ్లీషు చదివే మనకు చిన్న మార్పే. జర్మన్‌లో కాదు. ఇక్కడ ప్రతి నామవాచకమూ పెద్దక్షరంతో మొదలవ్వాలి, వాక్యం మధ్యలో ఉన్నా సరే. నేను జర్మన్ నేర్చుకునేటప్పుడు మా టీచరు మొదటి వారం అంతా దాని మీదే గడిపారు. అలాంటి భాషలో పెద్దక్షరం తీసేయడం అంటే బడిలో నేర్పిన వ్యాకరణాన్ని కాదనడం. పైగా అప్పటికి చాలా జర్మన్ పుస్తకాలు ఫ్రాక్టూర్ అనే మెలికల అక్షరాల్లోనే వచ్చేవి. ఆ మెలికలు కూడా వద్దన్నారు.

1925లో అక్కడి గురువు హెర్బర్ట్ బాయర్ వృత్తాలు, సరళరేఖలతో ఒకే బడి ఉన్న అక్షరమాల గీశాడు. ఆ ఏడాదే బౌహౌస్ వైమార్ నుంచి డెస్సావ్‌కు మారింది. మాట పలికేటప్పుడు పెద్దక్షరం వినబడదు కదా, రెండు అక్షరమాలలు ఎందుకు అని వాళ్ల ప్రశ్న. బౌహౌస్ ఉత్తరాల కాగితం అడుగునే ఆ వాదన అచ్చువేసి పెట్టారు.

బాయర్ చేసిన ఇంకొక పని నాకు మరింత ఇష్టం. 1923లో జర్మనీలో ధరలు గంటగంటకూ పెరుగుతున్నప్పుడు తురింగియా రాష్ట్ర బ్యాంకు కోసం పది లక్షల మార్కుల నోటు రూపొందించాడు. బొమ్మ లేదు, పూలతీగలు లేవు. లావు అక్షరాలు, లావు అంకెలు, గీతలు. అప్పటికి ఆయన ఇంకా విద్యార్థే. రొట్టె కొనడానికి జనం చేతుల్లో పట్టుకొని తిరిగిన కాగితం మీద కొత్త టైపోగ్రఫీ, అంటే అక్షరాల కొత్త అమరిక, చేరింది.

ఇంకా దగ్గరిది మీ బల్ల మీదే ఉంది, ఏ4 కాగితం. 1922లో జర్మనీ ఆ కొలతల్ని ప్రమాణంగా చేసింది. దాన్ని రూపొందించిన పోర్స్ట్‌మన్ 1920లోనే చిన్నబడి అక్షరాలు చాలు అని వాదించాడు, బాయర్‌కు ఆ ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. 1928లో జర్మన్ టైపోగ్రాఫర్ యాన్ చిఖోల్డ్ కొత్త టైపోగ్రఫీ మీద తన పుస్తకం రాసినప్పుడు ఈ కాగితపు కొలతలకు చాలా చోటిచ్చాడు. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే ఆయన్ను అరెస్టు చేశారు. విడుదలయ్యాక స్విట్జర్లాండ్ వెళ్లిపోయాడు. తర్వాత ఆయనే తన పాత నియమాలు మరీ కఠినమైనవని, అందరూ ఒకే తీరున నడవాలన్న ఆ పట్టుదలలో తను తప్పించుకొని వచ్చిన జర్మనీ పోలిక ఉందని చెప్పి, పాత పద్ధతి పుస్తకాల వైపు మళ్లాడు. ఆయన రెండు దశలూ నాకు నిజాయితీగానే కనిపిస్తాయి.

నల్లసిరా | సోమవారం, ఉదయం 9:00

ఒక చిన్న చేర్పు. బౌహౌస్ మన దేశానికి తొందరగానే వచ్చింది. 1922 డిసెంబరులో కలకత్తాలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ ప్రదర్శనలో క్లే, కాండిన్‌స్కీ, ఇట్టెన్ వంటి బౌహౌస్ గురువుల పనులు పెట్టారు. వైమార్‌లో బౌహౌస్ తన పెద్ద ప్రదర్శన పెట్టింది 1923లో. అంటే కలకత్తాయే ముందు.

గోదారిగట్టు | సోమవారం, సాయంత్రం 6:20

లిసిట్స్కీ పుస్తకం గురించి చదివాక నా రెండో ప్రశ్నను వెనక్కి తీసుకుంటున్నాను. మొదటిదాన్ని తీసుకోను.

ఇప్పుడు మన సంగతి. తెలుగుకు పెద్దబడి, చిన్నబడి లేవు. కాబట్టి బౌహౌస్ పోరాటం మనకు అక్కరలేదు. మాటలతో ఆకారం కట్టడం మనకు కొత్త కాదు, బంధకవిత్వం ఉంది. చక్రబంధం, పద్మబంధం, నాగబంధం. పాము మెలికలు ఒకదాన్నొకటి దాటే చోట ఒకే అక్షరం రెండు పాదాలకూ పనికిరావాలి. మా తాతగారు నేల మీద ముగ్గుపిండితో నాగబంధం వేసి చూపించేవారు. పద్యం నోటికి వచ్చినవాడికే ఆ పాము తల ఎక్కడో తోక ఎక్కడో తెలిసేది.

అయితే తేడా కూడా చెప్పాలి. బంధంలో ఛందస్సు చెక్కుచెదరదు. ఆకారాన్ని విప్పేస్తే కింద చక్కని పద్యం ఉంటుంది. మారినెట్టి పేజీని విప్పితే కింద ఏమీ ఉండదు. పేజీయే పద్యం. మనలో పఠాభి 1939లో "ఫిడేలు రాగాల డజన్"తో ఛందస్సు నడుము విరగ్గొడతానని బయలుదేరాడు, ఆ ధైర్యం గొప్పది. కానీ అక్షరాన్నే పగలగొట్టడానికి మనలో ఎవరూ ఎక్కువ దూరం వెళ్లలేదని నాకు అనిపిస్తుంది.

వానచినుకు | మంగళవారం, రాత్రి 10:50

గోదారిగట్టు గారి చివరి మాట పట్టుకొని ఒక ప్రయత్నం చేశాను. ఫ్రెంచి కవి అపోలినేర్ 1916లో వేసిన వాన పద్యం ఉంది కదా, అయిదు వరుసలు వాన ధారల్లా పై నుంచి కిందికి ఏటవాలుగా పడతాయి, అక్షరం కింద అక్షరం. తెలుగులో అలాంటి వాన కురిపిద్దామని కూర్చున్నాను.

మొదటి మాటకే ఆగిపోయాను. ఫ్రెంచిలో ఒక్కో అక్షరమూ ఒక్కో చినుకు. తెలుగులో చినుకు ఏది? "వాన" అని రాస్తే రెండే చినుకులు. "స్త్రీ" అని రాస్తే మూడు హల్లులూ ఒక అచ్చూ కలిసి ఒకే ముద్ద. విడగొట్టబోతే కంప్యూటర్ ఒత్తును ఒప్పుకోదు, దానికి చుక్కల వృత్తం ఒకటి తోడు పెట్టి చూపిస్తుంది. అక్షరాల మధ్య ఎడం పెంచితే కొన్ని ఫాంట్లలో గుడి ఒకచోట, హల్లు ఒకచోట. రెండు రాత్రులు పోయాయి.

తర్వాత అన్ని అక్షరాలనూ చెరిపి తలకట్లను మాత్రం ఉంచి చూశాను. తెర నిండా దూరంగా ఎగిరే పిట్టల గుంపులా కనిపించింది. వాన రాలేదు కానీ వాన ముందు పిట్టలు వచ్చాయి.

పాత కంపోజిటర్ | బుధవారం, ఉదయం 5:50

అమ్మాయీ, నీ కంప్యూటర్ ఒప్పుకోని పనిని మా కేసు ఒప్పుకునేది. మాకు తెలుగు కేసు అంటే వందల గళ్లు. అందులో ఒత్తులకు విడిగా గళ్లు. హల్లు నిలబెట్టాక దాని కింద ఒత్తును చేత్తో అమర్చేవాళ్లం. అంటే మా దృష్టిలో అక్షరం ఒక ముద్ద కాదు. తలకట్టు వేరు, ఒత్తు వేరు, అన్నీ ముక్కలే. ఆ ముక్కలన్నీ కలిసినప్పుడే మీరు అక్షరం అంటారు.

వలపలగిలక విన్నావా? పాత పుస్తకాల్లో "వర్షం" అని రాయాలంటే ష పక్కన కుడి వైపున ఒక కొక్కెం లాంటి గుర్తు పెట్టేవారు, మన తెలుగు తొమ్మిది అంకెలా ఉంటుంది. అది ముందు పలికే "ర్"కు గుర్తు. ఇప్పుడు ఎవరూ వాడడం లేదు. నీ వానకు చినుకు కావాలంటే అదే చినుకు. పైన గుండ్రం, కింద తోక. "వర్షం" అనే మాటలోంచే రాలుతుంది.

నల్లసిరా | బుధవారం, ఉదయం 8:40

మాస్టారి మాట చదివిన దగ్గర నుంచి ఒక మనిషి గుర్తొస్తున్నాడు. ఈ చర్చలో ఆయన పేరు రాకుండా పోకూడదు.

హెండ్రిక్ వెర్క్‌మన్. నెదర్లాండ్స్ ఉత్తరాన ఖ్రోనింగెన్ ఊరు. మిగతావాళ్లలా కవీ కాదు, బడి పెట్టినవాడూ కాదు, అచ్చుపని చేసి బతికినవాడు. పెద్ద ప్రెస్సు ఉండేది, 1923లో వ్యాపారం దెబ్బతిని ఒక గోదాము పైఅంతస్తుకు చేరాడు. నలభై ఏళ్లు దాటాయి. ఆ సంవత్సరమే "ది నెక్స్ట్ కాల్" అనే చిన్న పత్రిక మొదలుపెట్టాడు. 1926 వరకు తొమ్మిది సంచికలు. తనే కట్టి, తనే సిరా రాసి, తనే అచ్చువేసి, మిత్రులకు పంపేవాడు. పోస్టర్లకు వాడే కొయ్య అక్షరాల్ని తిరగేసి వాటి వీపుతో అచ్చు వేశాడు. తలుపు తాళం రేకుకు సిరా పూసి దాన్నీ కాగితం మీద ఒత్తాడు. సిరా ఒక ఒత్తుకు ఎక్కువ, ఒక ఒత్తుకు తక్కువ పడేలా నొక్కేవాడు, అందుకని ఏ రెండు ప్రతులూ ఒకలా ఉండవు. అచ్చు యంత్రం పుట్టిందే అన్నీ ఒకలా రావడానికి, ఆయన దానితోనే ఒకలా రానివి చేశాడు.

జర్మన్ ఆక్రమణ కాలంలో మిత్రులతో కలిసి "నీలి పడవ" పేరుతో రహస్యంగా 40 ప్రచురణలు వేశాడు. పాత కథలు, కీర్తనలు, పద్యాలు. చదివేవాళ్లకు ధైర్యం చెప్పే మాటలు వాటిలో ఉండేవి. 1945 మార్చిలో ఆయన్ను పట్టుకున్నారు. ఏప్రిల్ 10న కాల్చి చంపారు. అదే నెల మధ్యలో ఖ్రోనింగెన్‌కు విముక్తి వచ్చింది. పట్టుకున్నప్పుడు ఎత్తుకెళ్లిన ఆయన పనుల్లో చాలా భాగం ఆ చివరి పోరాటంలో కాలిపోయాయి.

గోదారిగట్టు గారూ, మీరు మొదట అడిగిన దానికి నా దగ్గర ఉన్న జవాబు ఈ మనిషే.

గోదారిగట్టు | బుధవారం, ఉదయం 9:15

చదివాను. ఆయన పేజీలు ఎక్కడ చూడవచ్చో చెప్పండి.

రెండోప్రూఫు | బుధవారం, మధ్యాహ్నం 1:30

ఖ్రోనింగెన్ మ్యూజియంలో ఆయన పనులు ఉన్నాయి. ఇక్కడి నుంచి రైలులో వెళ్లవచ్చు. వచ్చే నెల సెలవుల్లో వెళ్తాను, చూసినవి చూసినట్టు ఇక్కడే రాస్తాను.

పాత కంపోజిటర్ | గురువారం, ఉదయం 6:05

నిన్న నల్లసిరా గారు రాసింది మా అబ్బాయి చేత రెండుసార్లు చదివించుకున్నాను. తర్వాత అటక ఎక్కి వెతికాను. ప్రెస్సు మూసేసినప్పుడు సీసమంతా తూకానికి అమ్మేశారు, నేను కొన్ని కొయ్య అక్షరాలు అడిగి తెచ్చుకున్నాను. ఒక "క" ఉంది, జానెడు ఎత్తు. ముఖం అరిగిపోయి చెదలు పట్టింది, అందుకని ఇన్నేళ్లూ పనికిరాదనుకున్నాను. వీపు మాత్రం శుభ్రంగా ఉంది, కొయ్య చారలు కనిపిస్తున్నాయి. ఒక స్టిక్, పిడికెడు ఒత్తులు, నాలుగు వలపలగిలకలు కూడా దొరికాయి.

అమ్మాయీ, నీకు వీలైతే ఆదివారం రా. హైదరాబాద్ నుంచి పొద్దున్నే రైలు ఉంది. నున్నటి కాగితం తేవద్దు, దాని మీద సిరా జారుతుంది. కొంచెం గరుకుగా ఉన్నది తీసుకురా, ముందు రోజు రాత్రి తడిగుడ్డలో చుట్టి ఉంచు. ట్రెడిల్ లేదు కాబట్టి వెనక నుంచి గరిటెతో రుద్దుదాం. గిలకలు నాలుగే ఉన్నాయి, వాన పడాలంటే ఒక్కొక్కదాన్ని పదిసార్లు ఒత్తాలి.

వానచినుకు | గురువారం, ఉదయం 6:20

వస్తున్నాను మాస్టారూ. టికెట్టు తీసుకున్నాను. కాగితం ఏ4 తేనా, ఇంకా పెద్దదా?

పాత కంపోజిటర్ | గురువారం, ఉదయం 6:31

పెద్దదే తే. వానకు చోటు కావాలి.